తెల్లవారితే పరీక్ష: ఇంగ్లీషు ‘ఇఫ్’, మన ‘తే’

(గ్రంథాలయ వారోత్సవాల్లో డిగ్రీ విద్యార్థులను, పాఠశాల ఉపాధ్యాయులను ఉద్దేశించి ఒక విశ్రాంత ఇంగ్లీషు ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసినది.)

సభకు నమస్కారం.

వారోత్సవాల్లో కవి సమ్మేళనం పెడితే జనం వస్తారు గాని, వ్యాకరణం మీద ఉపన్యాసమంటే ఎవరైనా వస్తారా అని గ్రంథపాలకుణ్ణి ముందే అడిగాను. ఆయన ఆకాశం వైపు చూసి, ‘వాన పడకపోతే వస్తారు మాస్టారూ’ అన్నారు. వాన పడలేదు, మీరు వచ్చారు. ఆయన అన్న మాటను ఒకసారి జాగ్రత్తగా వినండి. వాన పడకపోతే వస్తారు. అందులో ఒక షరతు ఉంది, షరతు తీరితే జరిగే పని ఉంది. ఆయన ఆ మాట అన్నప్పటికి రెండూ జరగలేదు, రెండూ జరిగే అవకాశం మాత్రం నిజంగా ఉంది. ఇంగ్లీషు వ్యాకరణ పుస్తకాల్లో ఫస్ట్ కండిషనల్ అనే పేరుతో కనిపించేది సరిగ్గా ఇదే.

దాని సూత్రం మీలో తెలియనివారు లేరు. ‘ఇఫ్’ ఉన్న భాగంలో సింపుల్ ప్రెజెంట్ పెట్టాలి, రెండో భాగంలో ‘విల్’ పెట్టి దాని పక్కన క్రియ మొదటి రూపం పెట్టాలి. ‘ఇఫ్ ఇట్ రెయిన్స్, దే విల్ నాట్ కమ్.’ ముప్పై ఏళ్లకు పైగా ఈ సూత్రాన్ని నల్లబల్ల మీద రాశాను. పిల్లలు నోట్సులో ఎక్కించుకున్నారు, పరీక్షలో ఖాళీలు సరిగ్గా పూరించారు, మార్కులు కూడా తెచ్చుకున్నారు. అలా మార్కులు తెచ్చుకున్న పిల్లవాడే వరండాలోకి వచ్చి, ‘సర్, ఇఫ్ ఇట్ విల్ రెయిన్ టుమారో, ఐ విల్ నాట్ కమ్’ అనేవాడు. ఎందుకన్నాడు? సూత్రం వచ్చు కదా? చాలా కాలం దీన్ని అశ్రద్ధ కింద జమకట్టి కోప్పడ్డాను. ఇప్పుడు ఆలోచిస్తే తప్పు నాదేననిపిస్తోంది. నేను ఇంగ్లీషు సూత్రం చెప్పానే గాని, ఆ సూత్రానికి ఎదురుగా వాడి నోట్లో పుట్టినప్పటి నుంచీ ఏ మాట ఉందో, అది ఎలా పనిచేస్తుందో ఒక్కరోజు కూడా చూపించలేదు.

ఆ మాట ‘తే’. వస్తే, పడితే, చెబితే, తింటే. సంప్రదాయ వ్యాకరణంలో దీన్ని చేదర్థకం అంటారు. సంస్కృతంలో ‘చేత్’ అనే అవ్యయానికి ‘అయినట్లయితే’ అని అర్థం. ఆ అర్థాన్ని ఇచ్చే రూపం కాబట్టి చేదర్థకం. పేరు చూసి భయపడకండి, దాని పని మాత్రం చంటిపిల్లలకు కూడా తెలుసు. ‘ఏడిస్తే బూచాడు వస్తాడు’ అన్నది మనమందరం విన్న మొదటి చేదర్థకం.

ఇప్పుడు మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతాను. ‘వస్తే’ ఏ కాలం? భవిష్యత్తా? సరే, ఈ మూడు వాక్యాలు వినండి. ‘నిన్న పాలవాడు వస్తే డబ్బులు ఇచ్చేశాను.’ ‘ఎప్పుడు వస్తే అప్పుడు ఇస్తుంటాను.’ ‘రేపు వస్తే ఇస్తాను.’ మూడింటిలోనూ ‘వస్తే’ ఇసుమంత కూడా మారలేదు. కాలం ఎక్కడ తెలిసింది? వాక్యం చివర ఉన్న క్రియలో తెలిసింది. ‘తే’కు సొంతంగా కాలం లేదు. కాలం మోసే బరువంతా చివరి క్రియ మీద పెట్టి, అది ఖాళీ చేతులతో నడుస్తుంది.

ఇంగ్లీషు చేస్తున్నది కూడా దాదాపు అదే కదా! రాబోయే కాలాన్ని చెప్పే ‘విల్’ ప్రధాన వాక్యంలో ఒక్కసారి కనిపిస్తే చాలు, షరతులో దాన్ని మళ్లీ చెప్పనక్కరలేదు. ‘వాన పడుతుంది అయితే నేను రాను’ అని ఏ తెలుగు బిడ్డా అనదు, ‘పడితే’ అంటుంది. ‘ఇఫ్ ఇట్ విల్ రెయిన్’ అన్నది ఇంగ్లీషువాడి చెవికి ‘పడుతుంది అయితే’ లాగానే వినిపిస్తుంది. ఈ పోలిక మొదటిసారి తరగతిలో చెప్పినప్పుడు వెనక బెంచీ నుంచి నవ్వు వినిపించింది. నవ్వు వచ్చిందంటే సూత్రం చెవిలోకి దిగిందన్నమాట.

అయితే ఒక అమ్మాయి నవ్వలేదు. తొమ్మిదో తరగతి. లేచి నిలబడి, ‘సర్, రెయిన్స్ అంటే రోజూ పడుతుందని కదా మీరు చెప్పారు, రేపటి వానకు రెయిన్స్ ఎలా అవుతుంది?’ అని అడిగింది. ఎంత న్యాయమైన ప్రశ్న! మన తెలుగులో ‘రోజూ ఆరింటికి లేస్తాను, రేపు మాత్రం నాలుగింటికే లేస్తాను’ అంటాం. అలవాటుకూ ‘లేస్తాను’, రేపటికీ ‘లేస్తాను’. ఒకే రూపంతో రెండు పనులు చేసుకునే పిల్లలకు మనం ఇంగ్లీషులో రెండు రూపాలు నేర్పుతాం. అలవాటుకు సింపుల్ ప్రెజెంట్, రేపటికి ‘విల్’ అని నొక్కి నొక్కి చెబుతాం. అది కాస్త ఒంటబట్టే సమయానికి, షరతులో మాత్రం రేపటికి కూడా సింపుల్ ప్రెజెంటే వాడాలంటాం. పిల్లలు తికమకపడక ఏం చేస్తారు?

ఆ అమ్మాయికి నేను ఇచ్చిన జవాబు ఇది. ఇంగ్లీషు క్రియకు భవిష్యత్తు కోసం సొంత రూపం లేదు. భూతకాలానికి ఉంది, ‘రెయిన్’ అన్నది ‘రెయిన్డ్’ అవుతుంది. భవిష్యత్తు చెప్పాలంటే పక్కన మరో మాటను అరువు తెచ్చుకోవాలి. ఆ అరువు మాటే ‘విల్’. దాని అసలు అర్థం కోరిక, ఇచ్ఛ. నమ్మకం కలగకపోతే మన తాలూకా ఆఫీసు మాట ఒకటి తీసుకోండి: వీలునామా. ఆస్తి ఎవరికి చెందాలో మనిషి తన ఇచ్ఛ రాసిపెట్టే కాగితం. అందులో ఉన్న ‘వీలు’ ఇంగ్లీషు ‘విల్’, దానికి పారసీ ‘నామా’ తోడయింది. ఆ ఇచ్ఛార్థకమే కాలక్రమంలో అరిగిపోయి భవిష్యత్తును చెప్పే సహాయక క్రియ అయింది. వాన పడాలని వాన కోరుకోదు కదా, అందుకే ‘ఇఫ్ ఇట్ విల్ రెయిన్’ కుదరదని గుర్తుపెట్టుకోమన్నాను. ఇది శాస్త్రీయమైన కారణం కాదు, గుర్తు పెట్టుకోవడానికి ఒక ఉపాయం మాత్రమే.

కాని ఆ ఉపాయంలో ఒక సత్యం లేకపోలేదు. షరతులో ‘విల్’ రావడం పూర్తిగా నిషిద్ధం కాదు. ఆసుపత్రిలో రిసెప్షన్ దగ్గర కూర్చున్న అమ్మాయి, ‘ఇఫ్ యు విల్ వెయిట్ హియర్, ఐ విల్ కాల్ ద డాక్టర్’ అంటే అది తప్పు కాదు. అక్కడ ‘విల్’ భవిష్యత్తు కాదు, పాత అర్థంలోని ఇష్టం. ‘మీరు దయచేసి ఇక్కడ కూర్చుంటానంటే’ అన్న మర్యాద అందులో ఉంది. అందుకని పై తరగతులకు చెప్పే ఉపాధ్యాయులు ‘ఇఫ్ పక్కన విల్ ఎన్నడూ రాదు’ అని శాసనం చెయ్యకండి. పిల్లలు ఎక్కడో చదివి వచ్చి మిమ్మల్ని నిలదీస్తారు. నన్ను నిలదీశారు.

ఇక్కడివరకూ ‘తే’ మనకు సాయం చేసింది. ఇక్కడి నుంచి అదే మనల్ని గోతిలో దించుతుంది.

‘తెల్లవారితే పరీక్ష.’ ఈ వాక్యం అనని ఇల్లు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉండదు. తెల్లవారడంలో ఎవరికైనా అనుమానం ఉందా? లేదు. ‘జూన్ వస్తే బడులు తెరుస్తారు’, ‘సంక్రాంతి వస్తే ఊరంతా కళకళలాడుతుంది.’ జూన్ రాకపోవచ్చునని గాని, ఈ ఏడాది సంక్రాంతి ఉండకపోవచ్చునని గాని ఎవరి ఉద్దేశం కాదు. అంటే మన ‘తే’ రెండు పనులు చేస్తోంది. జరుగుతుందో లేదో తెలియని దానికీ అదే, తప్పక జరిగేదానికీ అదే. ఏది ఏదో విన్నవాడు సందర్భాన్ని బట్టి గ్రహించుకుంటాడు. ఇది మన భాషకే ఉన్న లోపం అనుకోకండి. జర్మన్ భాషలో ‘వెన్’ అనే మాట కూడా ఈ రెండు అర్థాలనూ మోస్తుంది. ఇంగ్లీషు మాత్రం ఇక్కడ పట్టుదల మనిషి. అనుమానం ఉంటే ‘ఇఫ్’, నిశ్చయం ఉంటే ‘వెన్’. రెండింటినీ కలవనివ్వదు. ‘ఇఫ్ జూన్ కమ్స్’ అంటే ఈ ఏడాది మే తర్వాత ఏమొస్తుందో మనకు తెలియదని అర్థం.

నవ్వుతున్నారు. నవ్వు ఆపి ఒక సంగతి వినండి. మా వీధిలో ఒక కుర్రవాడు అమెరికాలో ఎమ్మెస్ చదవడానికి సీటు తెచ్చుకున్నాడు. వీసా ఇంటర్వ్యూకు ముందు జవాబులు సరిచూడమని నా దగ్గరికి వచ్చాడు. చదువయ్యాక ఏం చేస్తారని అడిగితే చెప్పడానికి ఒక వాక్యం కంఠస్థం చేసుకున్నాడు: ‘ఇఫ్ ఐ కంప్లీట్ మై మాస్టర్స్, ఐ విల్ రిటర్న్ టు ఇండియా.’ వ్యాకరణం చూడండి. ‘ఇఫ్’ పక్కన సింపుల్ ప్రెజెంట్, అవతల ‘విల్’. సూత్రం ప్రకారం నూటికి నూరు మార్కులు. ఇది తప్పు బాబూ అంటే ముఖం చిన్నబుచ్చుకున్నాడు. ‘మనసులో ఏమనుకున్నావో తెలుగులో చెప్పు’ అన్నాను. ‘ఎమ్మెస్ అయితే వచ్చేస్తాను’ అన్నాడు. ‘ఎమ్మెస్ అవుతుందో లేదో అనుమానమా?’ అన్నాను. ‘అయ్యో, ఎందుకవదు సర్, తప్పకుండా అవుతుంది’ అన్నాడు. ‘మరి నువ్వు చెప్పిన ఇంగ్లీషు వాక్యం విన్న అధికారికి రెండు సందేహాలు వస్తాయి. ఈ కుర్రాడికి చదువు పూర్తిచేస్తానన్న నమ్మకం లేదేమో అన్నది ఒకటి. పూర్తి చెయ్యకపోతే అక్కడే ఉండిపోతాడేమో అన్నది రెండోది’ అన్నాను. ఆ కుర్రవాడు కాగితం మీద ‘ఇఫ్’ కొట్టేసి ‘వెన్’ రాశాడు. రెండే అక్షరాల మాట తీసేసి నాలుగక్షరాల మాట పెట్టాడు, అంతే. మిగతా వాక్యంలో ఒక్క చుక్క మారలేదు, ఎందుకంటే ‘వెన్’ పక్కన కూడా ‘విల్’ రాదు, సింపుల్ ప్రెజెంటే వస్తుంది.

అందుచేత ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి ఏమిటంటే, ఫస్ట్ కండిషనల్ పాఠాన్ని ‘ఇఫ్’తో మొదలుపెట్టకండి. ‘తే’తో మొదలుపెట్టండి. పిల్లల చేత ‘తే’ ఉన్న పది వాక్యాలు చెప్పించండి, వాళ్ల ఇంట్లో వినపడేవే చెప్పించండి. ఒక్కొక్క వాక్యానికి ముందు ‘ఒకవేళ’ చేర్చి చూడమనండి. ‘ఒకవేళ వాన పడితే’ నప్పింది, అది ‘ఇఫ్’. ‘ఒకవేళ తెల్లవారితే పరీక్ష’ నప్పలేదు, వినగానే నవ్వొచ్చింది, అది ‘వెన్’. ఈ ‘ఒకవేళ’ పరీక్షకు ఏ పుస్తకమూ అక్కరలేదు. నూటికి నూరుపాళ్లు పనిచేస్తుందని చెప్పను గాని, తరగతి గదికి సరిపోయినంత పనిచేస్తుంది.

ఇంకొక చిక్కుముడి ఉంది, అది కూడా తెలుగే విప్పుతుంది. ‘ఐ డోంట్ నో ఇఫ్ హీ విల్ కమ్’ అనే వాక్యం సరైనదే. ఇదేమిటి, ‘ఇఫ్’ పక్కన ‘విల్’ వచ్చింది కదా, ఇంతసేపూ మీరు వద్దన్నారు కదా అని మీరు అడగవచ్చు. తెలుగులో అనుకోండి. ‘అతను వస్తాడో లేదో నాకు తెలియదు.’ ఇక్కడ ‘తే’ ఉందా? లేదు. ‘ఓ’ ఉంది. ఇది షరతు కాదు, సందేహం. ఇంగ్లీషులో రెండింటికీ ‘ఇఫ్’ అన్న ఒకే మాట పడింది గాని మన భాషలో రెండూ వేర్వేరు ప్రత్యయాలు. తెలుగులో ‘తే’ వచ్చినచోట భవిష్యత్తు అర్థంలో ‘విల్’ పెట్టకూడదు, ‘ఓ’ వచ్చినచోట పెట్టవచ్చు. ‘వెన్’కు కూడా ఇదే లెక్క. ‘ఎప్పుడు వస్తాడో తెలియదు’ అంటే ‘ఐ డోంట్ నో వెన్ హీ విల్ కమ్’. ‘వచ్చినప్పుడు చెబుతాను’ అంటే ‘ఐ విల్ టెల్ యు వెన్ హీ కమ్స్’. ఇందాక మన భాష అస్పష్టంగా ఉండి ఇంగ్లీషు స్పష్టంగా ఉంది. ఇక్కడ ఇంగ్లీషు అస్పష్టంగా ఉండి మన భాష స్పష్టంగా ఉంది. లెక్క సరిపోయింది.

‘అన్‌లెస్’ గురించి ఒక్క మాట. దీనికి ‘కాకపోతే’ అని అర్థం చెప్పి వదిలేస్తారు. అక్కడే పిల్లలు ‘అన్‌లెస్ యు డోంట్ పే’ అని రెండుసార్లు లేదనిపిస్తారు. దీనికి సిసలైన తెలుగు ‘తప్ప’. ‘డబ్బు కడితే తప్ప వదలరు’, ‘అన్‌లెస్ యు పే, దే విల్ నాట్ లెట్ యు గో.’ చూశారా, ‘కడితే’లో లేదనే అర్థం లేదు, ‘పే’లోనూ లేదు. లేదనే భారమంతా ‘తప్ప’ మోస్తోంది, అటు ‘అన్‌లెస్’ మోస్తోంది. ‘తప్ప’ అని చెప్పండి, తప్పు పోతుంది.

గొడుగు సంగతి కూడా చెప్పి ముందుకు వెళతాను, ఎందుకంటే మీలో చాలామంది ఈ రోజు గొడుగులు తెచ్చారు. ‘వాన పడితే గొడుగు తీసుకెళ్తాను’ అంటే వాన మొదలయ్యాక తీసుకెళ్తానని; అది ‘ఇఫ్ ఇట్ రెయిన్స్’. మీరు చేసిన పని అది కాదు. ‘వాన పడుతుందేమోనని’ ముందే తెచ్చుకున్నారు. ఆ ‘ఏమోనని’కి ఇంగ్లీషు ‘ఇన్ కేస్’. ‘ఐ విల్ టేక్ యాన్ అంబ్రెల్లా ఇన్ కేస్ ఇట్ రెయిన్స్.’ మన కార్యాలయాల ఉత్తరాల్లో ‘ఇన్ కేస్’ను ‘ఇఫ్’కు మారుగా వాడడం అలవాటైపోయింది. మన దేశంలో అర్థమైపోతుంది, ఇబ్బంది లేదు. పై దేశాలకు రాసేటప్పుడు మాత్రం ఈ తేడా ఎరిగి రాయడం మంచిది.

ఇప్పుడు వాక్యంలో రెండో భాగానికి వద్దాం. అక్కడ ‘విల్’ ఒక్కటే రావాలని లేదు. ‘మే’ రావచ్చు, ‘కెన్’ రావచ్చు, ఆజ్ఞ రావచ్చు. ‘ఇఫ్ యు సీ ద పోస్ట్‌మన్, కాల్ మీ’ అన్నా అది ఈ కుటుంబంలోదే. నన్ను బాధపెట్టేది అక్కడ ‘విల్’కు బదులు వచ్చి కూర్చునే ‘వుడ్’. ‘వుడ్’ అంటే మర్యాద ఎక్కువ అని మనవాళ్లలో ఒక నమ్మకం ఉంది. ‘ఐ వుడ్ బి అటెండింగ్ ద మీటింగ్ టుమారో’ అని రాస్తారు. కోరేటప్పుడు, అడిగేటప్పుడు ‘వుడ్’ మర్యాదే. మాట ఇచ్చేటప్పుడు అదే ‘వుడ్’ మాటను పల్చన చేస్తుంది. ఒక తండ్రి కొడుకుతో, ‘ఇఫ్ యు గెట్ గుడ్ మార్క్స్, ఐ విల్ బై యు ఎ సైకిల్’ అన్నాడనుకోండి, అది ఒప్పందం. మార్కులు వచ్చిన రోజున సైకిలు అడిగే హక్కు ఆ పిల్లవాడికి ఉంటుంది. ‘విల్’ తీసి ‘వుడ్’ పెట్టారా, మాటలో బిగువు పోయింది, నాన్న ఏదో ఊహ చెబుతున్నట్టు అయిపోయింది.

ఊహ అన్నాను కాబట్టి, సరిహద్దు ఎక్కడో కూడా చూడాలి. ‘నేను ఎమ్మెల్యేనయితే ఈ రోడ్డు వేయిస్తాను.’ ఈ మాట నామినేషన్ వేసిన అభ్యర్థి అనవచ్చు, టీ కొట్టు దగ్గర బెంచీ మీద కూర్చుని రోడ్డు గుంతను చూస్తున్న పెద్దమనిషి కూడా అనవచ్చు. తెలుగులో ఇద్దరిదీ అక్షరం పొల్లుపోకుండా ఒకే వాక్యం. ఇంగ్లీషులో ఇద్దరివీ వేరు. అభ్యర్థి ‘ఇఫ్ ఐ బికమ్ ఎమ్మెల్యే, ఐ విల్ లే దిస్ రోడ్’ అంటాడు. ఇది ఫస్ట్ కండిషనల్, ఎందుకంటే అతను గెలిచే అవకాశం ఉంది. టీ కొట్టు పెద్దమనిషి ‘ఇఫ్ ఐ బికేమ్ ఎమ్మెల్యే, ఐ వుడ్ లే దిస్ రోడ్’ అంటాడు. ఇది సెకండ్ కండిషనల్. ‘బికేమ్’ భూతకాలంలా కనిపిస్తున్నా అక్కడ గడిచిన కాలం ఏమీ లేదు, ఉన్నదల్లా వాస్తవం నుంచి దూరం. ఆ పెద్దమనిషి నిజంగానే పోటీకి దిగే ఉద్దేశంలో ఉంటే ఆయన కూడా ఫస్ట్ కండిషనల్ వాడుకోవచ్చు. ఎంపిక వక్తది. సంగతి ఎంత దగ్గరగా ఉందని తాను అనుకుంటున్నాడో దాన్ని బట్టి ఎంచుకుంటాడు, వ్యాకరణం అడ్డు రాదు.

చివరగా, వాక్యాల వరుస. తెలుగులో షరతు ముందు, ఫలితం తర్వాత; రాతలో ఇదే పద్ధతి. ఇంగ్లీషులో ఎటు నుంచైనా చెప్పవచ్చు. షరతు ముందు వస్తే దాని తర్వాత కామా పెడతారు, ఫలితం ముందు వస్తే మామూలుగా కామా ఉండదు. ఇంటికి వచ్చే కరెంటు బిల్లుల మీద, నోటీసుల మీద ‘గడువులోగా చెల్లించని యెడల సరఫరా నిలిపివేయబడును’ అనే తరహా వాక్యాలు చూసే ఉంటారు. ‘యెడల’ అన్నా, ‘పక్షంలో’ అన్నా మన ‘తే’కు కోటు తొడిగినట్టే. దాన్ని ఇంగ్లీషు చెయ్యండి. ‘ఇఫ్ యు డు నాట్ పే బై ద డ్యూ డేట్, ద సప్లై విల్ బి డిస్‌కనెక్టెడ్.’ ‘ఇఫ్ యు విల్ నాట్ పే’ అని రాస్తే ఏమవుతుందో ఇప్పుడు మీరే చెప్పగలరు. అవును, మీరు కట్టనని మొండికేస్తే అని అర్థం వస్తుంది. పాత ‘ఇచ్ఛ’ మళ్లీ తల ఎత్తుతుంది.

ప్రశ్నలు ఉంటే అడగండి, తెలిసినంతవరకు చెబుతాను. కాస్త త్వరగా అడగండి, ఎనిమిదయితే గ్రంథాలయం మూసేస్తారట. ఆ మాటను మాత్రం ఇంగ్లీషులో ‘ఇఫ్’తో చెప్పకండి, గ్రంథపాలకుడుగారు అప్పుడే తాళంచెవులు తీసి పట్టుకుని నిలబడ్డారు.